ఆవిరి పద్దు

2024 మార్చిలో బెంగళూరు జలమండలి ఈతకొలనుల మీద ఒక ఉత్తర్వు తెచ్చింది. తాగడానికి పనికొచ్చే నీళ్లు పూల్‌లో పోస్తే 5,000 రూపాయల జరిమానా. బోర్లు ఎండిపోయాయి. ట్యాంకర్ల వాళ్లు నోటికొచ్చిన రేటు చెబుతున్నారు. 12,000 లీటర్ల బండికి ఐదు కిలోమీటర్ల లోపు వెయ్యి రూపాయలకు మించి తీసుకోరాదని చివరికి అధికారులే ధర కట్టాల్సి వచ్చిన రోజులవి.

నగరానికి తూర్పున, లిఫ్టులో కన్నడం ఎంత వినిపిస్తుందో తెలుగూ అంతే వినిపించే అపార్టుమెంట్లు చాలా ఉన్నాయి. అలాంటి ఒకచోట, రెండు వందల ఫ్లాట్ల నడుమ, 15 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పున్న పూల్. గేటుకు తాళం. నీళ్లు మాత్రం లోపలే ఉన్నాయి. ఉగాదికి కర్నూలు నుంచి వచ్చిన మేనమామకు ఆ తాళం నవ్వు తెప్పించింది. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరైన మనిషి. మేనకోడలిది సాఫ్ట్‌వేరు ఉద్యోగం. అపార్టుమెంటు కమిటీలో పూల్ బాధ్యత ఆమెది. ఈ ఇద్దరూ, ఆ పూలూ కల్పితం. వీళ్ల మాటల్లో దొర్లే ఊళ్లు, ఉత్తర్వులు, నీటి శాస్త్రం నిజం.

"తాళం ఎవరికేశారు పాపా, మనుషులకా, నీళ్లకా?"

"మనుషులకే మామా. ఉత్తర్వు వచ్చింది కదా. నీళ్లన్నా మిగులుతాయని మూసేశాం."

"మిగిలాయా?"

దానికి ఆమె దగ్గర మంచి జవాబు లేదు. తాళం వేసిన రోజు నుంచీ మట్టం రోజుకో అంగుళం చొప్పున దిగుతూనే ఉంది. 'ఎండలు మండిపోతున్నాయి, ఆవిరైపోతోంది, మన చేతుల్లో ఏముంది' అని కార్యదర్శి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఇంకో ట్యాంకరు తెప్పించాలన్న ప్రతిపాదన కూడా ఆ మెసేజీ కిందే ఉంది.

నీళ్లు ఆవిరి కావడానికి ఎవరూ దిగి ఈదక్కర్లేదు. జాన్ డాల్టన్ 1802లోనే ఈ సంగతి సూత్రంగా చెప్పాడు: నీటిని ఆనుకుని ఉన్న గాలిలో ఆవిరి పీడనం ఎంత, ఆ పైన గాలిలో ఎంత, ఈ రెంటికీ తేడా ఎంత అన్నదాన్ని బట్టి ఆవిరి వేగం ఉంటుంది. గాలి వీచినకొద్దీ ఆ తేడా చెరిగిపోకుండా నిలుస్తుంది. ఎండ నీటిని వేడి చేసి ఈ పనికి పెట్టుబడి పెడుతుందే గాని, ఎండ పోగానే పని ఆగిపోదు. పగలంతా కాగిన పూల్ రాత్రికి బయటి గాలి కంటే వెచ్చగా ఉంటుంది కనుక చీకట్లోనూ ఆవిరవుతూనే ఉంటుంది. గేటుకు తాళం వేస్తే ఆగేవి రెండే: పిల్లలు దూకినప్పుడు బయటికి చిందే నీళ్లు, తడిబట్టలతో పోయే నీళ్లు.

మామ తన పాత వృత్తిలోకి దిగాడు. "చదరపు మీటరు మీద మిల్లీమీటరు నీళ్లంటే ఒక లీటరు. మీ పూల్ 120 చదరపు మీటర్లు. అంగుళమంటే 25 మిల్లీమీటర్లు. అంటే రోజుకు మూడు వేల లీటర్లు పోతున్నాయి. నాలుగు రోజులకో 12,000 లీటర్ల బండి."

"అంతే పడుతోంది మామా."

"అంత ఆవిరి మీ ఊళ్లో అవ్వదు. పటాన్‌చెరులో ఇక్రిశాట్ వాళ్ల ఆవిరి తొట్టిలో మే నెల వడగాడ్పుల్లో రోజుకు పది మిల్లీమీటర్లు దాటుతుంది, అదీ తొట్టిలో."

వాతావరణ కేంద్రాల్లో ఉండే ఆ తొట్టి చాలామంది చూసే ఉంటారు గాని పట్టించుకుని ఉండరు. దాదాపు 120 సెంటీమీటర్ల వ్యాసం, పాతిక సెంటీమీటర్ల లోతు. రోజూ పొద్దున్నే ఎంత తగ్గిందో కొలిచి రాస్తారు. మన దేశంలో దాని మీద వైరు వల కప్పుతారు; లేకపోతే కాకులు తాగినవీ ఆవిరి కిందే జమపడతాయి. నేలమీద పెట్టిన చిన్న లోహపు తొట్టి కాబట్టి పక్కల నుంచీ వేడెక్కి, చెరువు కంటే ఎక్కువ నీళ్లు పోగొట్టుకుంటుంది. అందుకని తొట్టి అంకెను సుమారు 0.7తో గుణించి చెరువుకు వాడుకుంటారు. ఆ పద్ధతిలో చూస్తే బెంగళూరు ఏప్రిల్‌లో ఇలాంటి పూల్‌కు రోజుకు ఆరు మిల్లీమీటర్లు వేసుకోవచ్చు, మరీ గాలి తగిలే చోటైతే ఏడు.

ఆరంటే 720 లీటర్లు. మూడు వేలు కాదు.

మేనకోడలు ఆ తేడాను అప్పటికి పక్కనపెట్టి, చేతికి దొరికిన 720ని పట్టుకుంది. కమిటీ సమావేశాల్లో రాటుదేలిన మనిషి. "సరే, నీ అంకే తీసుకుందాం. ఇక్కడ ఏడు వందల మందిమి ఉన్నాం. మనిషికి రోజుకు 135 లీటర్లు కదా సర్కారు కొలత? అంటే దగ్గర దగ్గర 95,000 లీటర్లు. అందులో పూల్ ఆవిరి ఒక శాతం కూడా కాదు. తలకు ఒక లీటరు. జలమండలి సరఫరా చేసే దాంట్లోనే నాలుగో వంతుకు పైగా లెక్కకు దొరకదంటారు. వాళ్ల గొట్టాలు వదిలేసి మా లీటరు మీద పడతారేం?"

"తలకు లీటరా? పూల్‌లోకి దిగే తలలెన్ని?"

"ఓ నలభై."

"అట్లయితే ఆ నలభై మందికి తలకు 18 లీటర్లు. మిగతా 660 మందికి సున్నా."

సగటు లెక్క ఎంత తియ్యగా ఉంటుందో ఇక్కడే కనబడుతుంది. కేప్‌టౌన్ విషయంలో పరిశోధకులు ఈ తీపినే విరగ్గొట్టారు. 2018 ఫిబ్రవరి 1 నుంచి కరవు వల్ల ఆ నగరంలో మనిషికి రోజుకు 50 లీటర్లే అని పరిమితి పెట్టారు; పూల్‌లో నగరపాలిక నీళ్లు పోయడం అప్పటికే నిషేధం. ఐదేళ్ల తర్వాత, 2023లో నేచర్ సస్టైనబిలిటీ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. కేప్‌టౌన్ జనాభాలో 14 శాతమైన సంపన్న, ఎగువ మధ్యతరగతి ఇళ్లు నగరపు నీటిలో 51 శాతం వాడుతున్నాయనీ, 62 శాతమున్న బస్తీ, అల్పాదాయ జనం 27 శాతంతో సరిపెట్టుకుంటున్నారనీ అందులో లెక్కగట్టారు. సంపన్నుల నీళ్లలో ఎక్కువ భాగం తోటలకూ, పూల్‌లకూ, కార్లకూ పోతోంది.

"కేప్‌టౌన్‌లో ఇంటికో పూల్ మామా. ఇక్కడ రెండు వందల ఇళ్లకు ఒకటి. అదేదో పాపమైతే మేమే తక్కువ చేశాం. పైగా మీ శాఖ సంగతి నాకు తెలీదా? శ్రీశైలంలో ఆవిరికని బచావత్ ట్రిబ్యునల్ ఏటా 33 టీఎంసీలు రాసిచ్చింది. ఎవరన్నా దాన్ని దుబారా అన్నారా?"

మామ నవ్వాడు. దెబ్బ సరైన చోటే తగిలింది. కృష్ణా జలాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు దక్కిన 800 టీఎంసీల్లోనే ఆ 33 టీఎంసీల ఆవిరి నష్టం ఒక పద్దుగా కూర్చుంది. నిండినప్పుడు 600 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకునే జలాశయం అది. టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు కాబట్టి 33 టీఎంసీలు సుమారు 93 కోట్ల ఘనపు మీటర్లు. ఏడాది పొడుగునా సగటున రోజుకు నాలుగున్నర మిల్లీమీటర్లు వేసుకుంటే ఈ అపార్టుమెంటు పూల్ ఏటా దాదాపు 200 ఘనపు మీటర్లు పోగొట్టుకుంటుంది. శ్రీశైలం ఒక్కదాని ఆవిరి పద్దులో ఇలాంటి పూల్‌లు నలభై ఆరు లక్షలు పడతాయి.

"పద్దు రాశారు కదా పాపా, నేను చెప్పేదీ అదే. రాష్ట్రాలు కోర్టులో కొట్టుకునేప్పుడు ఆవిరిని కూడా అంకె వేసి ఎవరి ఖాతాలో రాయాలో తేల్చారు. మీ కార్యదర్శి అంకె లేకుండా 'ఆవిరి' అని మెసేజీ పెట్టి ట్యాంకరుకు ఫోను చేస్తున్నాడు."

ఇక్కడి నుంచి వాదన దారి మళ్లింది. ఎంత పోతోంది అన్నది పక్కకుపోయి, పోయిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి అన్నది ముందుకొచ్చింది. మామ అసలు బలం అంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

స్నానం నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు అపార్టుమెంటు మురుగుశుద్ధి కేంద్రానికి, అంటే ఎస్‌టీపీకి వెళ్తాయి. శుద్ధయి ఫ్లష్‌కూ, చెట్లకూ వస్తాయి. నగరం మురుగులో కొంత భాగం ఇంకా దూరం ప్రయాణిస్తుంది: కోరమంగళ–చల్లఘట్ట లోయలో శుద్ధి చేసిన నీటిని 2018 నుంచి కోలారు జిల్లా చెరువులకు పంపు చేస్తున్నారు. చిత్తూరుకు ఆనుకుని, ఇంటింటా తెలుగు వినిపించే కరవు సీమ అది. బెంగళూరులో వాడేసిన నీళ్లు అక్కడ చెరువులో నిలిచి, ఇంకి, బోర్లకు అందుతున్నాయి. పూల్ నుంచి లేచిన ఆవిరి మాత్రం ఎస్‌టీపీకీ రాదు, కోలారుకూ పోదు.

అమెరికాలో లాస్ వెగాస్ ఉన్న క్లార్క్ కౌంటీ ఈ తేడా మీదే చట్టం చేసింది. అక్కడ ఇళ్ల లోపల వాడిన నీరు దాదాపు అంతా శుద్ధయి మీడ్ సరస్సుకు తిరిగి చేరుతుంది. తిరిగిచ్చినంత నీటిని మళ్లీ తోడుకునే హక్కు ఉంది. అందుకే ఎంతసేపు స్నానం చేశారని అక్కడ అడిగేవాళ్లు తక్కువ. ఆరుబయట గాలిలో కలిసే నీటి మీదే అందరి కన్ను. 2022లో, కొత్తగా కట్టే సొంత ఇళ్ల పూల్‌ల విస్తీర్ణం 600 చదరపు అడుగులు మించకూడదని నిర్ణయించారు. మన కొలతలో అది 56 చదరపు మీటర్లు. ఈ అపార్టుమెంటు పూల్‌లో సగం కూడా లేదు. లోతుకు పరిమితి పెట్టలేదు, ఎందుకంటే ఆవిరికి లోతుతో పనిలేదు.

"కోలారు చెరువుల్లో మాత్రం ఆవిరి కాదా?" మేనకోడలు వదల్లేదు. "ఆ శుద్ధి చాలదని అక్కడివాళ్లు కోర్టుకెక్కిన సంగతీ చెప్పు. ఇంకోటి. ఈ లాన్ చూడు, వెయ్యి చదరపు మీటర్లుంటుంది. పచ్చగడ్డి ఆకుల్లోంచి పోయే నీళ్లు, అదే విస్తీర్ణంలో పూల్ నుంచి పోయే వాటికి పెద్దగా తీసిపోవు. కాలిఫోర్నియాలో శాంటా మార్గరీటా వాటర్ డిస్ట్రిక్ట్ వాళ్లు లెక్క వేస్తే, లాన్ తీసేసి పూల్ కట్టి చుట్టూ గచ్చు చేసిన ఇంటికి మొదట్లో నింపడానికి ఎక్కువ పట్టినా, కొన్నేళ్లలో ఆ ఇల్లే లాభంలో పడింది. గడ్డిని ఎవరూ తిట్టరు. పూల్ అనేసరికి అందరికీ బీపీ."

"గడ్డికి ఎస్‌టీపీ నీళ్లు పోస్తారు. పూల్‌కు పోస్తారా?"

పోయరు. ఈ ఒక్క మాట దగ్గర ఆమె ఆగింది. ఆగినా, లాన్ విషయంలో ఆమెదే పైచేయి అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఎస్‌టీపీ నీళ్లు గడ్డి తాగేస్తే అవి ఫ్లష్‌కు మిగలవు, ఆ లోటును మళ్లీ మంచినీళ్లతోనే పూడ్చాలి. పూల్ నీలంగా మెరుస్తూ అందరి కళ్లలో పడుతుంది, గడ్డి పడదు. నిషేధాలు కళ్లలో పడేదాని మీదే ముందు పడతాయి.

ఓడిపోతున్నానని తోచినప్పుడు ఇంజనీర్లు పెద్ద పరిష్కారం వైపు దూకుతారు. మామ కూడా అదే చేశాడు. "ఖాళీ చేసెయ్యండి. ఈ వేసవికి పూలే వద్దు."

ఆమె ఫోను తీసి లెక్క చూపించింది. సగటు లోతు 1.2 మీటర్లు. మొత్తం 1,44,000 లీటర్లు. రోజుకు 720 చొప్పున ఆవిరైతే ఆ నీళ్లన్నీ పోవడానికి రెండు వందల రోజులు పడుతుంది. ఇప్పుడు వదిలేసి, వానాకాలంలో తిరిగి నింపాలంటే పన్నెండు బండ్లు. ఒక్క వేసవి ఆవిరిని ఆదా చేయడానికి రెండు వందల రోజుల ఆవిరిని ఒక్క పూటలో కాలువలో పోసినట్టు. పైగా ఖాళీ తొట్టి ఎండకు పగులుతుంది, టైల్స్ లేస్తాయి. మామ ఇక ఆ మాట ఎత్తలేదు.

"మరి కప్పొచ్చు కదా?"

అమెరికా ఇంధన శాఖ చెప్పే లెక్కలో కవరు వాడితే పూల్‌కు పోయాల్సిన నీళ్లు 30 నుంచి 50 శాతం తగ్గుతాయి, మందులూ తగ్గుతాయి. కానీ ఆ సలహా చల్లటి ఊళ్లను దృష్టిలో పెట్టుకున్నది. అక్కడ ఆవిరి అంటే ముందు గుర్తొచ్చేది పోయిన వేడి. లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్లు కావాలి. ఈ పూల్ నుంచి రోజూ పోయే 720 లీటర్లు తమతో పట్టుకుపోయే వేడిని కరెంటు లెక్కలో చెప్పాలంటే 480 యూనిట్ల పైమాటే. చలిదేశంలో అది నష్టం. ఏప్రిల్ బెంగళూరులో అదే పూల్‌ను ఈదదగ్గ చల్లదనంలో ఉంచుతున్నది. బుడగల ప్లాస్టిక్ కవరు కప్పితే నీళ్లు వేడెక్కుతాయి, నాచు పెరుగుతుంది, క్లోరిన్ ఎక్కువ పడుతుంది. కింద చిక్కుకుంటే పిల్లలకు ప్రాణాపాయం కూడా.

ప్లాస్టిక్ మీద ఆమెకు ఇంకో అనుమానమూ ఉంది. 2015లో లాస్ ఏంజిలిస్ రిజర్వాయర్ మీద 9.6 కోట్ల నల్లబంతులు వదిలారు. ఎండ తగిలి నీటిలో హానికర రసాయనాలు పుట్టకుండా ఆపడం వాటి అసలు పని, ఆవిరి తగ్గడం కొసరు. ఆ బంతుల తయారీకి ఎంత నీరు ఖర్చయిందో 2018లో పరిశోధకులు లెక్క తీశారు. వాటి మందాన్ని బట్టి, ఆదా చేసిన నీటితో తయారీ నీటి అప్పు తీరడానికి ఏళ్లు పట్టే అవకాశం ఉందని తేలింది. "కవరు కొని రెండేళ్లకు చింపి పారేస్తే మనదీ అదే కథ" అంటుంది ఆమె.

మామ పాత రోజుల మందు ఒకటి గుర్తుచేశాడు: సెటైల్ ఆల్కహాల్. నీటి మీద ఒక్క అణువు మందంతో పొరలా పరుచుకుని ఆవిరికి అడ్డుపడుతుంది. 1950లలో ఆస్ట్రేలియాలో జలాశయాల మీద ప్రయత్నించారు. పూల్‌లకు అమ్మే 'లిక్విడ్ కవర్' ఆ వంశానిదే. గాలి గట్టిగా వీస్తే పొర అంతా ఒక మూలకు చేరుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా బెంగళూరు గాలి సంగతి తెలిసిన ఎవరూ దాని మీద డబ్బు పెట్టరు.

తెల్లటి మందపాటి కవరు, ఎండ లోపలికి పోనిది, మాటేమిటి? ఆ పూల్ తాళం లేని రోజుల్లో పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకానే తెరిచేవారు. రోజులో పద్దెనిమిది గంటలు ఎవరూ దిగరు. ఆ పద్దెనిమిది గంటలూ కప్పి ఉంచితే ఎండా తగలదు, గాలీ తగలదు. దీనికి ఆమె దగ్గర సిద్ధాంతపరమైన అభ్యంతరం లేదు. రోజుకు రెండుసార్లు 120 చదరపు మీటర్ల కవరును ఎవరు లాగుతారన్నదే అభ్యంతరం.

ఇంతసేపూ మూడు వేలకూ 720కీ మధ్య తేడా అలాగే పడి ఉంది. మామ దాన్ని మరచిపోలేదు. ఒక ప్లాస్టిక్ బకెట్టు తెప్పించి, పూల్ నీళ్లే పోయించి, మెట్టు మీద మునిగీ మునగకుండా నిలబెట్టించాడు. బకెట్టు లోపలి మట్టమూ పూల్ మట్టమూ ఒకటే ఉండాలి. రెంటికీ గీతలు. పంపు ఆపేసి, నీళ్లు నింపే పైపు కట్టేశారు. బకెట్టు పూల్‌లోనే ఉంటుంది కాబట్టి నీటి వేడి దాదాపు ఒకటే, తగిలే గాలీ ఒకటే. బకెట్టుకు చిల్లు లేదు. ఒక రోజులో బకెట్టులో ఎంత తగ్గిందో అది ఆవిరి. పూల్ అంతకంటే ఎక్కువ దిగితే మిగతాది ఇంకెక్కడికో పోయింది. నీళ్లు అంచు మీదుగా జాలీలోకి పొంగే ఓవర్‌ఫ్లో పూల్‌లో ఈ లెక్క ఇంత సులువు కాదు. పంపు నడిచినంతసేపూ అక్కడ తగ్గుదల బ్యాలెన్సింగ్ ట్యాంకులో కనబడుతుంది. ఇది ఆ రకం కాదు.

మర్నాడు అదే సమయానికి బకెట్టు ఆరు మిల్లీమీటర్లు తగ్గింది. పూల్ ఇరవై నాలుగు.

పద్దెనిమిది మిల్లీమీటర్లు. రోజుకు 2,160 లీటర్లు. ట్యాంకరు నీళ్లు తెచ్చి భూమికి తాగిస్తున్నారు.

"చూశావా, ఆవిరి నిర్దోషి!" మేనకోడలికి ఓడిన ఛాయ లేదు, గెలిచినంత హుషారు.

"ఆవిరి మూడో వంతు కూడా కాదు, నిజమే. అయినా దాని చాటునే మిగతా నేరమంతా దాగింది. పంపు ఆపినా దిగింది కాబట్టి పీడనం మీదున్న పైపుల్లోనే అనుకోనక్కర్లేదు. లైటు గూడు చుట్టూ చూడండి, తేలే చెత్తను లాగే స్కిమ్మర్ మూతి దగ్గర చూడండి. నీళ్లు పోయకుండా నాలుగు రోజులు వదిలితే మట్టం ఎక్కడ నెమ్మదిస్తే అక్కడే చిల్లు."

ఆవిరికి ఇంకో మచ్చ ఉంది, దాన్ని మామ ఆఖర్న బయటపెట్టాడు. నీరు ఆవిరైనప్పుడు నీరే పోతుంది. అందులో కరిగిన సున్నం, ఉప్పు పూల్‌లోనే ఉండిపోతాయి. బోరు నీళ్లలో లీటరుకు 800 మిల్లీగ్రాముల లవణాలు ఉన్నాయనుకుంటే, రోజూ పోసే 720 లీటర్లతో అర కిలోకు పైగా ఖనిజం వచ్చి చేరుతుంది. నెలకు 17 కిలోలు. టైల్స్ మీద మట్టం గీత దగ్గర కట్టే తెల్లటి పొర అదే. ఫిల్టర్‌ను బ్యాక్‌వాష్ చేసినప్పుడు, అంటే నిమిషానికి 400 లీటర్ల చొప్పున మూడు నిమిషాలు ఎదురు దిక్కున నీళ్లు పంపినప్పుడు, ఈ ఉప్పులో కొంత బయటికి పోతుంది. చాలకపోతే ఒకరోజు సగం పూల్ వదిలేసి కొత్త నీళ్లు నింపాల్సిందే. ఆవిరి ఆ రకంగా రెండోసారి కూడా నీళ్లు అడుగుతుంది.

బ్యాక్‌వాష్ నీళ్లను నేరుగా కాలువలోకి కాక లాన్‌కు మళ్లించొచ్చా అని ఆమె అడిగింది. క్లోరిన్ విరిగేదాకా తొట్టిలో నిలిపి, ఉప్పు చూసుకుని మళ్లించొచ్చన్నాడు. ఆ సాయంత్రం వాళ్లిద్దరూ ఏకీభవించిన ఒకే ఒక్క విషయం ఇది.

కమిటీ సమావేశానికి ఆమె రాసిన ఎజెండాలో మొదటి అంశం చిల్లు. రెండోది పూల్‌లోకి వెళ్లే పైపుకు విడిగా మీటరు. మూడోది కవరు, అదీ ఒక్క ముక్కగా కాకుండా, ఇద్దరు మనుషులు చుట్టి తీయగలిగేలా మూడు చుట్టలుగా. మామ నాలుగోది కలపమన్నాడు: మీటరు బిల్లు ఈదేవాళ్ల మీదే వేయాలని.

"వెయ్యను మామా. అట్లా మొదలుపెడితే కింది అంతస్తువాళ్లు లిఫ్టు ఖర్చు మాకెందుకంటారు, పిల్లల్లేనివాళ్లు ఆటస్థలం తీసెయ్యమంటారు. డబ్బు కట్టి ఈదేవాళ్లది అయిపోయాక పూల్ ఎవరి మాటా వినదు. అందరిదీ అయితేనే మట్టం తగ్గిందేమని అందరూ అడుగుతారు."

"ఇప్పటిదాకా అందరిదే కదా, ఎవరడిగారు?"

"మీటరు లేదు కదా," అని ఆమె ఎజెండాను మూడు అంశాలతోనే గ్రూపులో పెట్టేసింది.